తొమ్మిదో తెర

రాకుమారి శయనమందిరం గడప దాటగానే మాచన అడుగు ఆగిపోయింది. వెల్లుల్లి వాసన. మూకుట్లో పోపు వేగుతుండగా నాలుగు రెబ్బలు ఇప్పుడే చిదిమి వేసినట్టు, ఘాటుగా, తాజాగా.

ఆ వాసన ఒట్టి కట్టుకథ అయి ఉంటుందన్న ధైర్యంతోనే, పావురం మీద కబురు అందిన నాటి నుంచి ఏడు రోజులు గుర్రం మీదే తింటూ, గుర్రం మీదే కునుకు తీస్తూ శుక్తిపురం చేరాడు. తీరా చూస్తే వాసన నిజం. అయితే అక్క మీద మోపిన నేరమూ నిజమేనా అని ఒక్క క్షణం అనిపించి, తన మీద తనకే అసహ్యం వేసింది.

సంగతి ఇదీ. శుక్తిపురం రాజు వజ్రకేతుడికి కువలయ ఒక్కగానొక్క కూతురు. శ్వేతదేవి పేరిట నలభై రోజుల వ్రతం పట్టింది. ఆ నలభై రోజులూ వెల్లుల్లి తినడం మాట అటుంచి, దాని గాలి సోకినా దేవి ఆగ్రహిస్తుందని ఆ రాజ్యంలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఇరవయ్యో రోజున రాకుమారి తన కొత్త మందిరంలో కుప్పకూలింది. గోళ్లు నీలంగా మారాయి, పిలిస్తే పలకలేదు. పరుగెత్తుకొచ్చిన అందరి ముక్కులకూ తగిలింది వెల్లుల్లి వాసనే. ఇంకేముంది, వ్రతం వంట వండుతున్న నాగసానిని చెరలో వేశారు. పదో రోజు సూర్యాస్తమయానికి రాకుమారి కళ్లు తెరవకపోతే వంటమనిషి తల తీయాలని తీర్పు చెప్పారు. ఆ పదో రోజు ఈ రోజే. ఆ నాగసాని, తల్లి లేని మాచనను చంకనెత్తుకుని పెంచిన అక్క.

"వైద్యులవారూ, అక్కడే నిలబడిపోయారేం?" అంది దాసి.

"మా మలయద్వీపంలో రోగి గదిలోకి ముందు ముక్కు వెళుతుంది, తరువాతే మనిషి వెళతాడు" అన్నాడు మాచన గంభీరంగా. జారుతున్న తెల్లగడ్డాన్ని నెమ్మదిగా పైకి తోసుకున్నాడు. అది చమరీమృగం తోక. మైనంతో అతికించాడు గాని, శుక్తిపురం ఎండకు మైనం నిలిచేట్టు లేదు.

మారువేషం వేయక తప్పదు మరి. శుక్తిపురంలో మనిషికి ఒకే విద్య. పన్నెండో ఏట కుడి మణికట్టు మీద వృత్తి గుర్తు పచ్చబొట్టు పొడుస్తారు. ఆ గుర్తు దాటి మరో పనిలో వేలు పెడితే ఆ చెయ్యి నరికేస్తారు. మాచన మణికట్టు మీద గంట బొమ్మ ఉంది, గంటలు పోత పోసే ఇంట పుట్టాడు కనుక. కాని అతనికి ఒక పని చేతికి అందగానే పక్కింటి పని మీదికి కన్ను పోయేది. పద్దెనిమిదో ఏట దేశం వదిలి పారిపోయాడు. రంగుల వాళ్ల దగ్గర మూడేళ్లు, కాలువలు తవ్వేవాళ్ల దగ్గర రెండేళ్లు, తోళ్లు ఊనబెట్టి పదును చేసేవాళ్ల దగ్గర ఏడాది, ఓడ మీద ఒక వైద్యుడికి మందులు నూరుతూ ఇంకొన్నాళ్లు. ఏ పనీ పూర్తిగా నేర్వని దేశదిమ్మరి అని ఊరంతా నవ్వింది. ఆ నవ్వులో గొంతు కలపనిది అక్క ఒక్కతే.

ఇప్పుడు ఆ మణికట్టు మీద గంధం దట్టంగా పట్టించి లోపలికి నడిచాడు.

ఏమి మందిరం అది. నేలంతా పాలరాయి. వెండి గొలుసుల ఉయ్యాల పాన్పు, దానికి ముత్యాల జాలరు. నాలుగు గోడలూ కరిగించిన బంగారం పూసినట్టు పచ్చగా మెరుస్తున్నాయి. ఆ పచ్చదనం మీద తెల్లని హంసల బారు, ఒకదాని వెనక ఒకటి, తామరతూళ్లు ముక్కున కరచుకుని ఎగురుతోంది. బయట రోళ్లు పగిలే ఎండ కాస్తుంటే లోపల ఒళ్లు జివ్వుమనే చల్లదనం. తలుపులన్నీ మూసి, వాటి మీద ఉన్ని కంబళ్లు వేలాడదీశారు. ఆ సొగసు మధ్యన, తలగడ మీద నలిగిన కలువలా రాకుమారి పడి ఉంది. ఊపిరి ఉందో లేదో తెలుసుకోవడానికి అద్దం పెట్టి చూడాల్సి వచ్చింది. కిటికీ దగ్గర బంగారు పంజరంలో గోరువంక కాళ్లు పైకెత్తి చచ్చి ఉంది.

"ఇది ఎప్పుడు పోయింది?" అని అడిగాడు.

"ఈ పొద్దుటే. మొన్నొకటి పోతే నిన్న ఇంకొకటి తెచ్చి పెట్టాం. అమ్మగారి మీద బెంగతో పోతున్నాయండీ."

నిన్న తెచ్చిన పిట్టకు అమ్మగారి మీద అంత బెంగెక్కడిదని మాచన అనుకున్నాడు. "వెల్లుల్లి ఎక్కడ దొరికింది?"

"దొరకలేదండీ. నేల ఏడుసార్లు కడిగాం. పరుపు మార్చాం. పాన్పు కింద దీపం పెట్టి వెతికాం. ఒక్క పొట్టు కూడా కనబడలేదు. వాసన మాత్రం రోజురోజుకీ ఎక్కువవుతోంది."

మాచన ఉలిక్కిపడ్డాడు. వంటమనిషి చెరలో పడి పది రోజులయింది. గది ఏడుసార్లు కడిగారు. వాసన తగ్గాలి గాని పెరగడమేమిటి? ఇంత చిన్న ప్రశ్న ఈ రాజ్యంలో ఒక్కరూ అడగలేదా?

తల తిరిగినట్టయి గోడకు చెయ్యి ఆనించాడు. చెయ్యి తడిసింది. వేలితో నొక్కితే గోడ జున్నులా లోపలికి దిగింది. ఒక హంస మెడ మొత్తం ఊడి అతని అరచేతిలోకి వచ్చింది. దాని వెనక నల్లగా, బొచ్చుబొచ్చుగా బూజు. ఆ బూజులోంచి గుప్పుమని కొట్టింది వెల్లుల్లి కంపు.

మాచనకు ఆ కంపు తెలుసు. రంగుల కార్ఖానాలో మొదటి నెలలో ఒక పచ్చటి రాతిముక్కను పొయ్యిలో విసిరితే గురువు చెంప పగలగొట్టాడు. అది హరిదళం, పసుపు రంగు కోసం నూరే పాషాణం. నిప్పులో పడినా, గంజి కలిపి తడిలో కుళ్లినా అచ్చం వెల్లుల్లిలా వాసన వేస్తుంది. ఆ వాసన పీల్చినవాడు మెల్లగా నీలమెక్కి చస్తాడు. వానాకాలంలో మూత వేయని రంగుకుండ పక్కన పడుకున్న రెండు పిల్లులు తెల్లారేసరికి కొయ్యబారిపోవడం మాచన కళ్లారా చూశాడు.

ఎండాకాలంలో గోడ తడవడమెలా? చెవి ఆనించి విన్నాడు. గోడ లోపల సన్నగా నీళ్లు పారుతున్న చప్పుడు. కాలువ పని చేసినవాడికి ఆ చప్పుడు కొత్త కాదు.

"తలుపులు తీయండి, అన్నీ తీయండి" అని కేకేశాడు.

దాసి బెదిరిపోయింది. "తొమ్మిది తెరల కొలువు చెప్పనిదే తలుపు తీస్తే మా తలలు పోతాయండీ."

"అయితే పాన్పుతో సహా రాకుమారిని ఆ కొలువుకే మోయించండి. రోగిని పదిమంది ముందు పరీక్షించడం మా దేశాచారం."

అలాంటి దేశం గాని, ఆచారం గాని లేవు. భటులకు ఆ సంగతి తెలియదు గనుక పాన్పు ఎత్తారు.

తొమ్మిది తెరల కొలువు శుక్తిపురానికే గర్వకారణం. నల్లరాతి మండపం, గోడ పొడవునా తొమ్మిది గదులు, ప్రతి గది ముందూ నేల జీరాడే తెర. ఒక్కో తెర వెనక ఒక్కో విద్యలో ఆరితేరిన మహానుభావుడు. ఒకరి మాట ఒకరి చెవిన పడితే విద్య కల్తీ అవుతుందని రాజుగారి తాత పెట్టిన కట్టుబాటు ఇది. లోపలికి వెళ్లినవాడు పన్నెండేళ్లు ఎవరికీ ముఖం చూపకూడదు, గొంతు వినిపించకూడదు. ప్రశ్న తాటాకు మీద రాసి తెర కిందినుంచి తోస్తారు, జవాబు అలాగే వస్తుంది. ఆ ఆకులు అందించి, చదివి వినిపించే హక్కు ఒక్కడిదే. అతను యవనికాధికారి మౌనభద్రుడు. మనిషి సన్నగా, శుభ్రంగా, ఎప్పుడూ చిరునవ్వుతో ఉంటాడు.

మండపం స్తంభాల అవతల వధ్యశిల. దాని పక్కన మెడలో ఎర్రగన్నేరు మాలతో నాగసాని నిలబడి ఉంది. సూర్యుడు బారెడు ఎత్తున ఉన్నాడు. గడ్డం పెట్టుకున్న తమ్ముణ్ణి ఆమె ఒక్క చూపులో పోల్చుకుంది. వెళ్లిపొమ్మని కళ్లతోనే బతిమాలింది.

మాచన ధైర్యమంతా తొమ్మిదో తెర మీద ఉంది. దాని వెనక ఉన్నది విషవైద్యుడు సింగనార్యుడు, నాగసాని భర్త, అతనికి స్వయానా బావ. హరిదళం గుణం బావకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

"తొమ్మిదో తెరవారిని అడగండి. ఇది విషమా, కాదా?"

ఆకు లోపలికి వెళ్లింది. కాసేపటికి మౌనభద్రుడు తెర కింద చెయ్యి పెట్టి జవాబు తీశాడు. "విషం జాడ లేదు. ఇది దేవి ఆగ్రహమే. వంటకత్తెది తప్పు."

కట్టుకున్న భార్య తలను బావ చేజేతులా నరికించడమా? అటు చూస్తే నాగసాని కళ్లు మూసుకుంది. ఆమె పెదవులు తెల్లగా పాలిపోయాయి.

"చిత్రకారుడి తెరను అడగండి. ఆ గోడకు ఏ రంగు వేశాడు?" అన్నాడు మాచన.

మౌనభద్రుడు చిరునవ్వు నవ్వాడు. "వైద్యుడికి రంగులతో ఏం పని? మీ విద్య గురించి మీరు అడగండి."

"వాస్తుశిల్పిని అడగండి. గోడలో నీళ్లెందుకు పారుతున్నాయి?"

"అదీ మీ విద్య కాదు." యవనికాధికారి రాజు వైపు తిరిగాడు. "మహాప్రభూ, పొద్దు వాలుతోంది."

తలారి కత్తి ఎత్తి పట్టుకుని అంచు చూసుకున్నాడు. ఇక మర్యాదలకు సమయం లేదు. మాచన గడ్డం పీకి నేలకు కొట్టాడు. పైపంచెతో మణికట్టు మీది గంధం తుడిచేశాడు. గంట పచ్చబొట్టు సభ యావత్తూ చూసింది. మంత్రి చేతిలోని తాంబూలం జారిపడింది.

"నేను వైద్యుణ్ణి కాను మహాప్రభూ. గంటలు పోసేవాణ్ణి. రంగులు తెలుసు, నీళ్లు తెలుసు, తోళ్లు తెలుసు. ఈ చెయ్యి మీరు నరుక్కోవచ్చు. కాని ముందు దీంతో ఒక పని చేయనివ్వండి."

అంటూనే ఎగిరి మూడో తెర పట్టుకుని లాగాడు. డెబ్బై ఏళ్లుగా ఎవరూ చెయ్యి వేయని తెర చిరుగుతుంటే రాజు సింహాసనం మీదినుంచి లేచి నిలబడిపోయాడు. భటులకు బల్లెం ఎత్తాలని తోచలేదు. లోపల బక్కచిక్కిన ముసలి చిత్రకారుడు వెలుగుకు కళ్లు చిట్లించి ముఖానికి చేతులు అడ్డం పెట్టుకున్నాడు. అదే ఊపులో మాచన ఐదో తెర లాగాడు. అక్కడ వాస్తుశిల్పి. ఆరో తెర వెనక రాజవైద్యుడు.

"తాతా, ఆ గోడకు ఏం రంగు వేయించావు?"

"హరిదళం" అన్నాడు చిత్రకారుడు. ఏళ్ల తరబడి మాట్లాడని గొంతు కీచుమంది. "గంజిలో కలిపి. మేలైన రంగు నాయనా. ఎండిన గోడ మీద నూరేళ్లు ఉంటుంది."

"ఎండిన గోడా?" వాస్తుశిల్పి ముందుకు వంగాడు. "దాని నడుమ మట్టిగొట్టాల్లో చన్నీళ్లు పారుతున్నాయి. గది చల్లబరచమంటే నేనే పెట్టించాను. సున్నం గోడకు చెమ్మ మంచిదే. దానికి రంగు వేస్తున్నారని నాకెవరు చెప్పారు?"

"లోపల నీళ్లున్నాయని నాకెవరు చెప్పారయ్యా?"

రాజవైద్యుడి ముఖం పాలిపోయింది. "పిల్లకు కాస్త నలతగా ఉందంటే, గాలి తగలకుండా తలుపులు బిగించమని రాశాను. నలతకు అది సరైన చికిత్సే. అయ్యో, ఆ గదిలోనా?"

ముగ్గురు ముసలివాళ్లూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరి పని వారు తప్పు లేకుండా చేశారు. ముగ్గురూ కలిసి ఒక పిల్లను పది రోజులుగా చంపుతున్నారు. చిత్రకారుడు నెత్తి కొట్టుకుంటూ కూలబడ్డాడు.

మాచన రొంటిన దోపుకున్న హంస మెడను ధూపం కుంపట్లో వేశాడు. తెల్లని పొగ లేచింది. నల్లరాతి మండపం నిండా వెల్లుల్లి వాసన కమ్ముకుంది. వరసగా అందరూ పైపంచెలు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. రాజు మాత్రం పొగలోనే బొమ్మలా నిలబడ్డాడు.

"నా చేతులతో ఒక నిరపరాధిని..." అంటూ తలారి వైపు చెయ్యి ఊపాడు. "ఆ మాల తీసెయ్యండి. ఆమెను ఇలా తీసుకురండి."

గాలి సోకిన రాకుమారి ఛాతీ అప్పటికి కొంచెం స్ఫుటంగా కదులుతోంది. గోళ్ల నీలం మాత్రం వదలలేదు. ఒంట్లోకి దిగిన విషానికి విరుగుడు పడితే గాని ఆమె బతకదు. ఆ విరుగుడు రాసిపెట్టుకున్నవాడు లోకంలో సింగనార్యుడొక్కడే. అతనెందుకు అబద్ధమాడాడో తరువాత తేల్చుకోవచ్చుననుకుని మాచన తొమ్మిదో తెర వైపు పరుగెత్తాడు.

"ఆ తెర ముట్టుకోకు."

అన్నది మౌనభద్రుడే. కాని ఆ గొంతు ఇంతకుముందు ఎవరూ విన్నది కాదు. చిరునవ్వు పోయింది. రెండు చేతులూ బార్లా చాచి తెరకు అడ్డంగా నిలబడ్డాడు.

"మౌనభద్రా" అన్నాడు రాజు అయోమయంగా, "ఆ మందిరానికి పచ్చరంగు వేయమన్నదెవరు?"

"మీ ఆజ్ఞేనని ఆకు వచ్చింది ప్రభూ" అన్నాడు చిత్రకారుడు.

"నాకూ అంతే" అన్నాడు శిల్పి. "నాకూ" అన్నాడు వైద్యుడు.

"నేను ఎవరికీ ఏ ఆజ్ఞా ఇవ్వలేదు" అన్నాడు వజ్రకేతుడు.

ఆకులు అందించే చెయ్యి ఒక్కటేనని మాచనకు అప్పుడు తట్టింది. తనలాగే పలు విద్యలు తెలిసినవాడు ఇక్కడ ఇంకొకడున్నాడు. ఒక హత్యను ముగ్గురికి ముక్కలు చేసి పంచాడు, ఏ ముక్క ఎవరు చూసినా పాపం కనబడకుండా. వారసులు లేకపోతే సింహాసనం యవనికాధికారిదేనని ఆ తాతగారే శాసనం చెక్కించిపోయాడు.

మాచన మౌనభద్రుడి చంక కిందినుంచి దూరి తెరను రెండు చేతులా పట్టుకుని వేలాడాడు. తెర కడ్డీతో సహా ఊడి పడింది.

లోపల పీట మీద సింగనార్యుడు కూర్చుని ఉన్నాడు. చేతిలో గంటం, ఒడిలో తాటాకుల పుస్తకం. తల కొద్దిగా వంచి, ఏదో ఆలోచిస్తున్నట్టున్నాడు.

"బావా" అన్నాడు మాచన. భుజం మీద చెయ్యి వేశాడు. భుజం చెప్పుతోలులా గట్టిగా ఉంది. తంగేడు చెక్క వాసన, ఉప్పు వాసన. తోళ్ల వాళ్ల దగ్గర ఏడాది పనిచేసినవాడికి ఆ వాసన చాలా సంగతులు చెప్పింది. ఈ మనిషి పోయి తక్కువలో తక్కువ రెండేళ్లు. కుళ్లకుండా ఊనబెట్టి కూర్చోబెట్టారు.

వెనక నాగసాని నిలబడి ఉంది. ఆమె ఏడవలేదు.

"ఈ పొద్దున కూడా ఆయనకు పెసరపచ్చడి పంపించమని చెరలోంచి చెప్పి పంపానే" అంది మెల్లగా. "విస్తరి ఖాళీ అయిందన్నారే. రోజూ ఖాళీ అవుతోందే. తింటున్నదెవరు?"

జవాబు ఆమె ఎదురుగానే నిలబడి ఉంది. మౌనభద్రుడు నవ్వుతున్నాడు. నవ్వుతుంటే ముఖం మీది చర్మం మైనంలా కరిగి చొక్కా మీద చుక్కలు చుక్కలుగా రాలింది. కింద ఇంకో ముఖం బయటపడింది, నల్లగా, కనుబొమలు లేకుండా, నుదుట నాగముద్రతో. మంత్రి వెనక్కి పడిపోయాడు. పాతికేళ్ల కిందట దేశబహిష్కారమైన మాంత్రికుడు ధూమకేశిని అక్కడ గుర్తుపట్టనివాళ్లు లేరు.

"నీ చేతి వంట బాగుంటుందమ్మా" అన్నాడు నాగసానితో. "గంటల పిల్లాడా, నాకు సరిజోడు దొరకడానికి ఇన్నేళ్లు పట్టింది. కాని రాకుమారికి రేపటి పొద్దు లేదు."

వంగి, శవం ఒడిలోంచి తాటాకుల పుస్తకం లాక్కున్నాడు. మడమతో నేల మీది రాతిని తన్నాడు. సింగనార్యుడి పీటతో సహా పలక పక్కకు జరిగి, నల్లటి బిలం నోరు తెరిచింది. ధూమకేశి చెయ్యి ఆడించగానే కుంపట్లోని పొగ తాడులా పేనుకుని అతని నడుముకు చుట్టుకుంది. అతను బిలంలోకి జారిపోయాడు.

"పుస్తకం" అని ఒక్క కేక వేసి మాచన వెనకే దూకాడు.

గాలి చెవుల్లో ఈల వేసింది. రాయి మోచెయ్యి చీరింది. అడుగున ఎక్కడో నీళ్ల మోత. చేతికి తగిలిన పొగతాడును పట్టుకుంటే అది నిజంగా తాడులాగే నిలిచింది. దాన్ని పట్టుకుని వేలాడుతుండగా పైనున్న వెలుగు ఒక్క క్షణం మూసుకుపోయింది. ఎవరో దూకారు. తాడు గట్టిగా కుదుపు తిని, ఎవరి కాలో అతని భుజానికి తగిలింది.

"ఎవరది?" అన్నాడు మాచన బిత్తరపోయి.

"నేనేరా" అంది నాగసాని. తలారి కత్తి ఆమె పళ్ల మధ్య ఉండబట్టి మాట సరిగా రాలేదు. కత్తి చేతిలోకి తీసుకుని, ఊపిరి తిప్పుకుని మళ్లీ అంది. "ఆ పుస్తకం నువ్వు తెచ్చి ఏం చేస్తావురా తమ్ముడూ? మీ బావ రాత చదవడం లోకంలో నాకొక్కదానికే వచ్చు. దిగు."